గాబ్రియేలు వేషం

"నాయన బతికుండంగ కొడుకు మీసం తీసేది యాడన్నా ఉండాదా? నాకు తెలీక అడుగుతాండా," అని విశ్వాసమ్మ అనడం పొద్దుటి నుంచి అది నాలుగోసారి.

జొన్నరొట్టె తడుతున్న కృపమణి తలెత్తకుండానే నాలుగోసారీ అదే జవాబు చెప్పింది. "దేవదూతకు మీసం ఉండదత్తా."

"నువ్వు సూసినావా?"

"ఉంటాదని నువ్వు సూసినావా?"

ఇక్కడికి వచ్చేసరికి అత్తాకోడళ్లిద్దరూ కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ మొదటికి వచ్చేవాళ్లు. ఈ తగాదా ముందురోజు సాయంత్రం మొదలై, దీపం ఆర్పాక వాళ్లతోపాటే పడుకుని, కోడికూతకు వాళ్లతోపాటే లేచింది. మీసం సొంతదారు గాబ్రియేలు మాత్రం గోడకు ఆనుకుని రొట్టె తింటూ, తల్లి వైపు ఒకసారి పెళ్లాం వైపు ఒకసారి చూస్తున్నాడు. ఆరడుగుల మనిషి. బేతంచెర్ల గనుల్లో నాపరాళ్లు కొట్టి కొట్టి, గడపలో నిలబడితే ఇంట్లోకి వెలుగు రానంతగా భుజాలు పెరిగాయి. మీసం కూడా ఆ కొలతకు తగ్గట్టే ఉండేది. అంత మనిషీ నోరు మెదపకపోవడానికి కారణం భయం కాదు, ఆజ్ఞ. పదిహేను రోజులుగా నాటకం ఒద్దికల్లో అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఆ సాయంత్రం నాలుగు గంటలకు గుడిలో నాటకం. అంతవరకూ ఒక్క మాట కూడా మాట్లాడకూడదని సంఘం ఉపదేశి ప్రకాశం చెప్పాడు. మాట్లాడనని కృపమణి తన చేతిలో చెయ్యి కూడా వేయించుకుంది.

దేవదూత వేషం రావడంలో గాబ్రియేలు తప్పేమీ లేదు. తప్పంతా పేరుది. బైబిల్లో మంచి కబురు తెచ్చే దూత పేరూ గాబ్రియేలే. ఆ సంఘంవాళ్లు ప్రతి క్రిస్మస్‌కూ నాటకం ఆడేవారు. వెనకటికి వేషాల దగ్గర రెండు కుటుంబాలు కట్టెలు పట్టుకుంటే, అప్పటి పాదిరి ఒక కట్టడి చేసి పోయాడు. ఎవరి పేరు ఏ వేషానిదో ఆ వేషం వాళ్లదే. దాంతో తగాదాలు పోయాయి. నాటకం కూడా దాదాపుగా పోయింది. ఊళ్లో మరియమ్మ ఒక్కతే. ఆమెకు అరవై మూడేళ్లు, ముందు పళ్లు లేవు. యోసేపు ఒక్కడే. వాడికి పంతొమ్మిది. వాడు ఆమె చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే మనవడు అవ్వను ఆసుపత్రికి తీసుకుపోతున్నట్టుండేది. హేరోదని ఎవరూ పేరు పెట్టుకోరు కాబట్టి, పసిపిల్లలను చంపించిన ఆ క్రూర రాజు వేషం ఉపదేశి ప్రకాశం వంతుకు వచ్చింది. ఆయన కోడిని కోసేటప్పుడు కూడా అటు తిరిగి కళ్లు మూసుకునేవాడు. ఇలాంటి నప్పని వేషాలకు ఆ పక్కన ఇప్పుడొక పేరుంది. ఆ పొద్దుటికి అది ఇంకా పుట్టలేదు.

ఈ ఏడు బడి సంగతి లేకపోతే నాటకం ఎలా పోయినా కృపమణి పట్టించుకునేది కాదు. గుడి పక్కనున్న బడి పంతులు జూన్ నెలలో ఎటో వెళ్లిపోయాడు. ఇరవై రెండు మంది పిల్లలు ఇళ్లకు పోయారు. ఆమె కూతురు జ్ఞానమణి తొమ్మిదేళ్లది, రెండో తరగతి పుస్తకం సగంలో మూసి, బండల మీద ఇసుక చల్లి రుద్దే పనికి పోతూ ఉంది. నాటకం చూడటానికి నంద్యాల నుంచి ఆ బడి నడిపే మిషను అయ్యగారు వస్తున్నారు. పోయిన ఏడు గుడిలో ముప్పై మంది కూడా లేరు. ఈసారీ అంతేనైతే ఈ ఊరికి బడి అక్కరలేదని అనుకుంటాననీ, నల్లబల్లా బెంచీలూ బనగానపల్లెకు పంపించేస్తాననీ ఆయన ఉత్తరం రాశారు. నంద్యాల బోర్డింగులో ఆరో తరగతి దాకా చదివిన కృపమణే ఆ ఉత్తరం సంఘానికి చదివి వినిపించింది. చదువు రాని మొగుడికి దూత మాటలన్నీ ఒక్కొక్కటే నేర్పిందీ ఆమే. ఇక మీసం ఒక్కటే మిగిలింది. పోయిన ఏడు దానితోనే నిలబడితే పిల్లలు పోలీసు వచ్చాడని ఏడ్చారు.

"మీ మామ బనగానపల్లెలో కూతురింట్ల దగ్గుతా ఉండాడు," అంది విశ్వాసమ్మ. "ఈ పొద్దు బండెక్కినాడో లేదో తెలీదు. ఆయప్ప రాకముందే కొడుకు మూతి నున్నగ చేస్తే ఊరు ఏమనుకుంటాది?"

"నాటకమనుకుంటాది."

"ఆ మీసం మళ్లా మొలిసేదాకా వాని మొగం నేను సూడను," అని విశ్వాసమ్మ లోపలి గదిలోకి పోయి తలుపేసుకుంది.

ముసలామె మాటలో నిజం లేకపోలేదు. ఆ ఇళ్లవాళ్లు సంఘంలో చేరి మూడు తరాలైంది. తాయెత్తులు విప్పారు, జాతరలు మానుకున్నారు. కానీ తండ్రి పోతే కొడుకు మీసం తీయడం మాత్రం ఏ పాదిరీ మాన్పించలేకపోయాడు. ఊరందరికీ అదొక్కటే లెక్క. నిన్నటిదాకా మీసమున్న మనిషి ఇవాళ లేకుండా కనబడితే, ఆ ఇంట్లో పెద్దాయన లేడన్నమాట.

ఆ తర్వాత బజారులో జరిగినది కృపమణికి చాలా ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా తెలిసింది.

రైలు స్టేషను ముందర కూర్చుని క్షవరం చేసే చిన్న ఈరన్న దగ్గరికి గాబ్రియేలు పోయి, మీసం మీద వేలితో అడ్డంగా గీసి చూపించాడు. ఈరన్న చేతిలో కత్తి ఆగిపోయింది.

"అంతానా?"

గాబ్రియేలు తలూపాడు.

"మీ నాయన లేవి బనగానపల్లెలో ఉండాడనిరి. దగ్గనిరి. ఇప్పుడు యాడుండాడప్పా?"

అక్కడే ఉన్నాడని చెప్పడానికి గాబ్రియేలు చెయ్యెత్తాడు. బనగానపల్లె దిక్కున కొండ ఉంది. కొండ అవతలి ఊరిని చూపించాలంటే చెయ్యి బాగా పైకెత్తాలి. ఈరన్న ఆ వేలి వెంబడే చూశాడు. ఆకాశం తప్ప ఏమీ కనబడలేదు. కత్తి కింద పెట్టి పైగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఎన్ని గంటలకు?"

గాబ్రియేలు నాలుగు వేళ్లు చూపించాడు.

"మీ గుడి కాడనేనా?"

గాబ్రియేలు తలూపి, రెండు చేతులూ జోడించాడు. కనబడిన వాళ్లందరినీ అలాగే పిలవమని కృపమణి చెప్పి పంపింది.

"నువ్వు పిలవాల్నా నాయనా, నేను రానా," అని ఈరన్న పసిబిడ్డను ముట్టుకున్నట్టు ముట్టుకుని పని ముగించాడు. కూలి మాత్రం తీసుకోలేదు. ఈ ఊళ్లో నాటకమంటే ఇంత ప్రేమ ఉన్న మనిషి ఉన్నాడని గాబ్రియేలు పొంగిపోయాడు. అక్కడినుంచి బజారు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, అంగడి అంగడికీ చేతులు జోడించి నాలుగు వేళ్లు చూపించాడు. అతన్ని చూసి ప్రతి అంగట్లోనూ మనుషులు లేచి నిలబడ్డారు. కొందరు భుజం తట్టారు. బండల వ్యాపారి రామకోటయ్యశెట్టి, ఎవరికోసమూ గద్దె దిగనివాడు, దిగి వచ్చి గాబ్రియేలు చేతులు పట్టుకుని ఒకసారి నొక్కి లోపలికి పోయాడు.

కృపమణి వాకిట్లో కూర్చుని వెదురు బద్దలకు తెల్లగుడ్డ కుట్టి రెక్కలు చేస్తుండగా ఎద్దులబండి వచ్చి ఆగింది. బండి మీద ఆరడుగుల నాపరాతి బండ ఉంది. అద్దంలా నున్నగా ఉంది, ఎక్కడా మరక లేదు. గని మేస్త్రి సుంకప్ప బండి దిగి, తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు.

"శెట్టి పంపినాడమ్మా. యాడ దించాల?"

గుడికి ఏనాడూ దీపానికి నూనె కూడా పంపని రామకోటయ్యశెట్టి, దేవదూత నిలబడటానికి బండ పంపాడు. ఇక బడికేం భయం?

"గుడిలో, తెర వెనక దించన్నా. ఆయన దాని మీదనే గదా నిలబడేది."

"నిలబడేదా?" అన్నాడు సుంకప్ప.

"పండుకుంటే ఇంతమంది జనానికి ఎట్ల కనపడతాడన్నా?"

దుఃఖంలో మనిషి ఏమైనా మాట్లాడుతుందని సుంకప్ప అనుకున్నాడు. "మీ పద్ధతులు మాకు తెలీవులేమ్మా. శెట్టి ఈ పొద్దు గని మూసేసినాడు. అందరమూ వస్తాండాము. నలుగుర్ని తీస్కపోయి ఆ తవ్వే పనేదో నేను సూస్తా."

గుడి ముందర పందిరి గుంజలకు గుంటలు తవ్వుతాడని కృపమణి అనుకుంది. "కొంచెం లోతుగా తవ్వన్నా. గాలికి పైకి లేస్తే అందరి ముందర నగుబాటు."

సుంకప్ప బండిని వేగంగా తోలుకుపోయాడు.

ఇంకాసేపటికి ఎదురింటి ఓబులమ్మ అయిదారుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లు కృపమణిని దాటి నేరుగా లోపలి గది తలుపు దగ్గర కూలబడ్డారు.

"వదినా, ఎట్ల జరిగె?" అని ఓబులమ్మ తలుపు సందులోకి ఏడ్చింది.

"ఎట్ల జరుగుతాది," అని లోపలి నుంచి విశ్వాసమ్మ గొంతు వచ్చింది. "పొద్దున్నే అయిపాయె. కత్తి పెడితే ఎంతసేపు?"

ఓబులమ్మ ఏడుపు ఆగిపోయింది. "కత్తా?"

"అంతా నా కోడలు చేయించింది. వద్దు వద్దని నిన్నట్నుంచి మొత్తుకుంటి. నా మాట ఎవరు వింటారు ఈ ఇంట్లో?"

ఆడవాళ్లందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. వాకిట్లో కృపమణి కత్తెర చేతబట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంది.

"నాలుగు గంటలకల్లా అందరూ రాండి," అంది. "శానా బాగుంటాది. పిల్లోళ్లను గూడా పిల్సుకోని రాండి."

వాళ్లు ఒకరినొకరు పట్టుకుని, ఆమె మీద నుంచి చూపు తిప్పకుండా, వెనక్కి నడుచుకుంటూ వీధిలో పడ్డారు. ఎవరూ మంచినీళ్లు కూడా తాగలేదేమని కృపమణికి కొంచెం బాధ కలిగింది.

నాలుగు గంటలకు ఆమె తెర సందులోంచి తొంగిచూసింది. గుడిలో నేల కనబడటం లేదు. గనుల వాళ్లు, అంగళ్ల వాళ్లు, బండ్ల వాళ్లు, సాయిబుల వీధి పెద్దలు, ముందు వరుసలో తెల్లటి పంచె కట్టుకుని రామకోటయ్యశెట్టి. మూడు వందల మందికి తక్కువ లేరు. కిటికీల్లో కూడా తలలే. కుర్చీలో కూర్చున్న మిషను అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. హేరోదు కిరీటం పెట్టుకున్న ప్రకాశం ఆ జనాన్ని చూసి ఆనందం పట్టలేక ఒక మూలకు పోయి ఏడుస్తున్నాడు. బడి నిలిచిందని కృపమణి మనసులో అనుకుంది. ఒక్కటే ఆమెకు అర్థం కాలేదు. అంతమందిలో ఒక్కరి ముఖాన కూడా నవ్వు లేదు.

తెర తొలగింది. నున్నటి బండ మీద, తెల్లటి బట్టల్లో, వీపున రెక్కలతో, మీసం లేని గాబ్రియేలు నిలబడి ఉన్నాడు.

గుడి మొత్తం ఒక్కసారి గొల్లుమంది.

చిన్న ఈరన్న తల బాదుకున్నాడు. ఓబులమ్మ పాట ఎత్తుకుని ఏడ్చింది. దేవదూత మొదటి మాట 'ఎవరూ భయపడవద్దు' అన్నది. కానీ గాబ్రియేలు జీవితంలో అంతమంది ఏడవడం ఎప్పుడూ చూడలేదు. నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. కృపమణి తెర వెనక నుంచి ఆ మాట రెండుసార్లు అందించింది. అతను అందుకోలేదు. బండ మీద అటూ ఇటూ కదలడంతో రెక్కలు కూడా ఆడసాగాయి. అయ్యగారు జేబులోంచి గడియారం తీసి చూశారు.

ఆ గడియారం చూసి కృపమణి నిలవలేకపోయింది. దూత మాటలు తానే ఎత్తుకుంది.

"ఏడుపు చాలించండి. మీకు మంచి కబురు తెచ్చాను, వినండి," అని తెర వెనక నుంచి ఆమె గొంతు బావినీళ్లంత తేటగా గుడి అంతటా పరుచుకుంది. ఏడుపు ఆగింది. మరియమ్మ తన మాటలు మరిచిపోతే అవీ చెప్పింది. యోసేపు సిగ్గుపడితే అవీ చెప్పింది. హేరోదు ఇంకా మూలన కళ్లు తుడుచుకుంటూ ఉంటే రాజుగారి కోపం కూడా తానే చూపించింది. ఆకలిగొన్న వాళ్లకు, అలిసిన వాళ్లకు, ఎవరూ లెక్కచేయని వాళ్లకు ఒక బిడ్డ పుట్టబోతున్నాడని ఆమె చెబుతుంటే, గనుల వాళ్లు ఊపిరి బిగబట్టి విన్నారు. చనిపోయిన వాళ్ల గురించి ఇంత బాగా ఎవరూ మాట్లాడగా వినలేదని సుంకప్ప పక్కవాడితో అన్నాడు.

ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు రామకోటయ్యశెట్టి లేచి నిలబడ్డాడు. తన వంతు వచ్చిందనుకున్నాడు.

"లేవి గురించి నేను గూడా రెండు మాటలు సెప్తా," అన్నాడు గొంతు సవరించుకుని. "నలభై ఏండ్లు నా గనిలో రాయి కొట్టినాడు. ఒక్క బండ వంకరగా రాలేదు. ఆ మాట ఆయప్ప మొగాన ఒక్కనాడన్నా నేను సెప్పిన పాపాన పోలేదు. సెప్పింటే బాగుండు."

వెనక, తలుపు పక్కన, కంబళి ముసుగేసుకుని కూర్చున్న ఒక ముసలాయన దగ్గుతూ లేచాడు.

"ఇప్పుడు సెప్పు శెట్టీ," అన్నాడు లేవి. "వింటాండా."

ఆయన మూడు గంటలకు బనగానపల్లె బండి దిగాడు. సమాధుల తోటలో గుంత తవ్వుతున్నారు. ఊరంతా గుడివైపు పోతూ ఉంది. ఎవరో పెద్దమనిషి పోయాడనుకుని, చావుకు వచ్చి ఎవరు పోయారని అడగడం మర్యాద కాదని, వెనక కూర్చుని తనూ నాలుగు కన్నీళ్లు కార్చాడు.

ఆ తర్వాత జనమంతా గుడికున్న రెండు తలుపుల్లోంచీ, నాలుగు కిటికీల్లోంచీ ఒకేసారి బయటికి పోవాలని చూశారు. సాయిబుల పెద్దాయన పిల్లలను ఎత్తుకున్నాడు. ఓబులమ్మ అయ్యగారి కుర్చీ కిందికి దూరింది. కాళ్ల కింద పిల్లలు నలిగిపోతారేమోనని కృపమణి తెర లాగేసి బయటికి వచ్చేలోపల, బండ మీద నుంచి, గనిలో మందు పేల్చేముందు మనుషుల్ని హెచ్చరించే గొంతుతో గాబ్రియేలు అరిచాడు.

"ఎవురూ బయపడొద్దు."

పొద్దుటి నుంచీ దాచిపెట్టిన గొంతంతా ఒక్కసారే వచ్చింది. పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి. జనం ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయి, మెల్లగా ఒక్కొక్కరే కూర్చున్నారు. ఆ ఏడు నాటకంలో ఎవరి మాట వాళ్లు చెప్పినది ఆ ఒక్కటే.

సంగతి అందరికీ తెలియడానికి అరగంట పట్టింది. రామకోటయ్యశెట్టి చెప్పదలుచుకున్నది బతికున్న మనిషి కళ్లలోకి చూసి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. అది అతనికి చాలా కష్టమైంది. లేవి అడ్డుపడకుండా మొత్తం విన్నాడు.

అయ్యగారు రైలుకు బయలుదేరుతూ ప్రకాశాన్ని పిలిచారు. "కిటికీల్లోంచి దూకబోయిన జనం మళ్లీ వచ్చి కూర్చున్న నాటకం నేనెప్పుడూ చూడలేదు. తెర వెనక మాట్లాడింది ఎవరు?"

"మా గాబ్రియేలు భార్య అయ్యగారూ. కృపమణి. ఆ పేరుతో ఏ వేషమూ లేదు గదా, అందుకని మాటలందించను పెట్టినాము."

"బడిలో పంతులు వేషం ఖాళీగా ఉంది," అన్నారు అయ్యగారు. "ఆవిడ సరేనంటే జనవరి మొదటి సోమవారం బడి తెరవండి. బల్లలు ఎక్కడికీ పోవు. ఇంట్లో అడిగి చెప్పమనండి."

సమాధుల తోటలో సుంకప్ప, అతని మనుషులు తవ్విన గుంతను తిరిగి పూడ్చారు. "ఏడ్సనీకి వస్తే నాటకం సూపించిరి. మేస్త్రిని పట్టుకోని కాటికాపరిని చేసిరి," అని సుంకప్ప పారతో మట్టి తోస్తూ గొణిగాడు. "నాది గూడా గాబ్రియేలు వేషమే అయిపాయె." ఆ మాట సోమవారానికి గనులకు పోయింది, సంక్రాంతికి నంద్యాల సంతకు చేరింది. ఇప్పుడు పాట రానివాణ్ణి పెళ్లిలో పాడమన్నా, తూకం తెలియని అల్లుణ్ణి అంగట్లో కూర్చోబెట్టినా, పిరికివాణ్ణి కావలి పెట్టినా, ఆ పక్కన దాన్ని గాబ్రియేలు వేషమనే అంటారు. అది బైబిలు మాటేనని కర్నూలు వాళ్లు నమ్ముతారు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు లేవి ఇంట్లో అందరూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. లేవి కంబళి కప్పుకుని, తన గురించి శెట్టి చెప్పినదంతా మూడోసారి చెబుతున్నాడు. జ్ఞానమణి తాత పక్కన కూర్చుని ఇసుకకు గీసుకుపోయిన వేళ్లను నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటోంది. విశ్వాసమ్మ పొద్దున అన్న మాటకు కట్టుబడి, కొడుకు మెడ కిందివరకే చూస్తోంది.

"ఇంట్లో అడగమనె గదా అయ్యగారు," అన్నాడు లేవి మధ్యలో ఆగి.

"అడగనీకి ఏముంది," అంది విశ్వాసమ్మ. "బాగనే ఉంటాది. పొద్దున్నే సంగటి ఎవరు కెలుకుతారు? నా చేతులు లేస్తాయా?"

కృపమణి మామకు వడ్డించింది, అత్తకు వడ్డించింది, మొగుడికి వడ్డించింది. కూతురి చెయ్యి దీపం దగ్గరికి తీసి చూసి, వేళ్లకు కొంచెం వెన్న రాసింది. ఆ తర్వాత తన కంచం ముందర పెట్టుకుని కూర్చుంది.

"జనవరిలో బడికి నేను పోతాండా," అంది, మామూలు గొంతుతోనే. "పాప నాతోనే వస్తాది. ఇంక గనికి పోదు. పొద్దున సంగటి వాళ్ల నాయన కెలుకుతాడు."

గాబ్రియేలు గొంతు ఇప్పుడు బాగానే ఉంది. అయినా తల మాత్రమే ఊపాడు.

విశ్వాసమ్మ కొడుకు చేతుల వైపు ఒకసారి, పొయ్యి పక్కనున్న తెడ్డు వైపు ఒకసారి చూసి, జనవరి నుంచి పొద్దున పూట తనకు ఆకలి ఉండదని చెప్పింది.